వచ్చేశామండీ

దుర్గాభవానికి ఆ పని అప్పగించినప్పుడు ఆఫీసులో ఎవరూ అసూయపడలేదు. రోజూ వట్లూరులో ఇల్లు వదిలి, కైకలూరు మీదుగా ఆకివీడు వెళ్ళి, అక్కణ్ణించి ఉప్పుటేరు గట్టు మీద చేపల లారీల వెనకాల ఆరు కిలోమీటర్లు జీపులో పోవాలి. పైగా మే నెల. ఆమె అసిస్టెంట్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్ళయింది. కాలవలు, తూములు, వంతెనలు చాలా చూసింది గాని, గోదీని చూడడం అదే మొదలు.

గోదీ అంటే ఓడలు బాగుచేసే చోటు. ఏటి ఒడ్డున భూమిలోకి తవ్వి, ఇటుకతో సున్నంతో గోడలు కట్టిన పెద్ద గుంట. ఏటి వైపు తలుపు ఉంటుంది. ఓడని లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్ళు తోడేస్తే మనుషులు దిగి ఓడ అడుగున పని చేస్తారు. పని అయ్యాక వాళ్ళందరూ పైకి వచ్చేస్తారు. అప్పుడు తలుపు తీసి నీళ్ళు వదిలితే ఓడ తేలుతుంది. ఈ గోదీని కుంపిణీ వాళ్ళ కాలంలో యుద్ధనావల కోసం కట్టారట. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ వాళ్ళు మళ్ళీ తీసుకుని, చెక్క లాంచీలు ఇక్కడ బాగుచేయించారట. తరవాత వదిలేశారు. నీళ్ళు నిండి, గుర్రపుడెక్క కమ్మి, అక్కడొక కట్టడం ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. చుట్టూ నేలంతా చేపల చెరువులైపోయింది. దీన్ని మాత్రం ఎవరూ చెరువు చేసుకోలేదు.

ఇప్పుడు దాన్ని చూడ్డానికి జనం వచ్చే చోటుగా చెయ్యాలని పైవాళ్ళు అనుకున్నారు. ముందు నీళ్ళు తోడించి, అడుగున బురద తీయించి, గోడలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసి రిపోర్టు ఇవ్వాలి. పాత చెక్క తలుపు ఎప్పుడో చీకిపోయింది. దాని స్థానంలో మట్టికట్ట వేయించి, కట్టలో ఒక ఇనప షట్టరు పెట్టించారు. చక్రం తిప్పితే షట్టరు లేచి, ఏటి నీళ్ళు లోపలికి వస్తాయి. చెరువుల మీద వాడే ఇంజన్లు రెండు తెచ్చి నాలుగు రోజులు తోడితే అడుగు కనబడింది. నూట యాభై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల లోతు. ఒక మూల నుంచి ఇటుక మెట్లు. అవతలి గోడలో నేల మట్టానికి రెండు తూములు, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. మనిషి వంగి లోపలికి పోగలడు. పూర్వం నీళ్ళు తోడే బావిలోకి అవి దారి.

కూలీలు తొమ్మిది మంది. వాళ్ళ మేస్త్రీ బంగార్రాజు. యాభై ఏళ్ళవాడు, అనవసరంగా నోరు విప్పేవాడు కాదు. కూలీల్లో అందరికన్నా పొడుగ్గా ఉండే అతని పేరు అహరోను. తూముల్లోకి దూరి బురద తీసే పని అతనికీ, ఇంకో ఇద్దరికీ అప్పగించారు.

బురద పని మొదలైన రోజే పుష్పమ్మ వచ్చింది. గోదీకి రెండు వందల గజాల్లో తాటాకు వసారా ఉన్న ఇల్లు ఆవిడది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. చేతికర్ర పక్కన పెట్టి, రేకుల షెడ్డు నీడలో కూర్చుని, మనుషులు దిగుతుంటే చాలాసేపు చూసింది.

"ఎవరమ్మా ఇక్కడ పెద్ద?" అని అడిగింది చివరికి.

"నేనేనండీ మామ్మ గారూ. చెప్పండి," అంది దుర్గాభవాని.

"నీళ్ళు మళ్ళీ వదిలేది నువ్వేనా?"

"అవసరమైతే నేనే వదలాలి. ఏం?"

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. "మా నాన్న ఈ గోదీకి తలుపు మనిషమ్మా. యుద్ధం రోజుల్లో. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆయన చెప్పిందే చెబుతున్నాను. ఒకనాడు లాంచీ అడుగున నీళ్ళు కారకుండా పలకల సందుల్లో చెక్క సుత్తులతో నార కొట్టి, గుగ్గిలం పూస్తున్నారు. పదకొండు మంది. పోటు వచ్చే వేళయింది, లాంచీ తేలాలి, తలుపు తీయమని దొర కేకలేస్తున్నాడు. మా నాన్న పైనుంచి వంగి అడిగాడు, అందరూ వచ్చేశారా అని. లాంచీ అడ్డంగా ఉంది, కింద ఎవరున్నారో కనబడదు. వచ్చేశామండీ అని వినబడింది. తలుపు తీశాడు."

దుర్గాభవాని చేతిలో పెన్ను ఆగింది.

"పదకొండు మందీ కిందే ఉన్నారమ్మా. వాళ్ళలో ఎవరైనా, మేం వచ్చేశాం అని అంటారా? మరి అన్నదెవరు? మా నాన్న పోయేదాకా అదే అడిగేవాడు, అన్నదెవరూ అని. అంతకు ముందు కూడా ఇందులో మనుషులు పోయార్ట. ఎప్పుడో, కుంపిణీ నాడు. వాళ్ళకి తోడు కావలసి వచ్చిందేమో అనేవాడు." పుష్పమ్మ కర్ర తీసుకుని లేచింది. "నమ్మమని చెప్పట్లేదు. ఒక్క మాట విను. ఈ గుంటలోకి గొంతుతో అడక్కు. మొహం చూసి అడుగు."

దుర్గాభవాని సరేనంది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం ఆమెకి ఇంట్లో అలవాటు లేదు. తండ్రి పౌరోహిత్యం చేసేవాడు. అలాంటి కథలు వింటూనే పెరిగింది. విని, చదువుకుని, పక్కన పెట్టేసింది.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం కూలీలందరూ చింతచెట్టు కింద అన్నాలు తింటున్నారు. ఇంజన్లు ఆపారు. దుర్గాభవాని గోడ పగుళ్ళు కొలుద్దామని టేపు పట్టుకుని గోదీ అంచుకి వచ్చింది. ఎండ తెల్లగా కాస్తోంది. కింద బురద అప్పుడప్పుడే ఆరి పెచ్చులు లేస్తోంది. అడుగు నుంచి చప్పుడు వినిపించింది.

ఠక్. ఠక్. ఠక్.

చెక్క మీద చెక్క సుత్తి కొట్టినట్టు, తొందర లేకుండా, ఒకే లయలో. మొదట ఒకటే. కాసేపటికి పక్కన రెండోది కలిసింది. తరవాత ఇంకోటి. గోడ ఇటుకలు ఎండకి వేడెక్కి విచ్చుకుంటున్నాయేమో అనుకుంది. అలా అనుకుంటూనే చెట్టు వైపు చూసి మనుషుల్ని లెక్కపెట్టింది. తొమ్మిది మందీ అక్కడే ఉన్నారు. బంగార్రాజు చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాడు. ఆమె మళ్ళీ గోదీలోకి చూసేసరికి చప్పుడు ఆగిపోయింది. అది ఆగిన తీరు ఆమెకి నచ్చలేదు. పని చేసుకుంటున్న మనుషులు, ఎవరో వచ్చారని చేతులు ఆపి తల ఎత్తినట్టు ఆగింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటుంటే భర్త ప్రదీప్, "ఏంటి, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. ఎండ అంది.

మర్నాడు పదకొండింటికి ఆమె షెడ్డులో కొలతలు రాసుకుంటుంటే అహరోను, అతనితో తూములో పని చేసే ఇద్దరూ మెట్లెక్కి వచ్చి నిలబడ్డారు.

"ఏం, అప్పుడే వచ్చేశారు?"

"మీరే పిలిచారు కదండీ," అన్నాడు అహరోను.

"నేనెక్కడ పిలిచాను?"

"టీ వచ్చింది, పైకి రండి అన్నారండీ. తూము నోటి దగ్గర నిలబడి పిలిచారు." అంటూనే అతను ఆమె కాళ్ళకేసి చూశాడు. ఆమె చెప్పులకి బురద లేదు. ఆ రోజు ఆమె అసలు కిందికి దిగలేదు.

మిగతా ఇద్దరినీ అడిగింది. వాళ్ళకీ వినబడిందట, మేడమ్ గారి గొంతేనట. గోదీ మధ్యలో ఉన్న బంగార్రాజుకి మాత్రం ఏమీ వినబడలేదు. ఎవరో వేళాకోళం చేస్తున్నారని ఆమె కోప్పడింది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే పనిలోంచి తీసేస్తానంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. అప్పుడే ఒక విజిల్ తెప్పించి, మూడుసార్లు ఊదితేనే పైకి రావాలని, మాటలు పట్టించుకోవద్దని చెప్పింది. క్రమశిక్షణ కోసమే అని తనకి తను చెప్పుకుంది. కాని సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఆ విజిల్ మెళ్ళోంచి తీయలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మూడున్నరకి బంగార్రాజు కింది నుంచి చెయ్యి ఊపాడు. నేల మీద ఒకచోట ఇసక కుతకుతలాడుతూ పైకి వస్తోంది. చూస్తుండగానే ఇంకోచోట వచ్చింది. ఆమెకి అర్థమైంది. బయట ఏట్లో పోటు ఎక్కుతోంది. లోపల నీళ్ళ బరువు లేదు. భూమిలోంచి నీరు తోసుకొస్తోంది. తూర్పు గోడ మధ్యలో కడుపు ఉబ్బినట్టు ముందుకొచ్చింది. నాలుగు ఇటుకలు ఊడి పడ్డాయి, వాటి వెనక సున్నం ధారగా రాలింది.

విజిల్ ఊదింది. మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. మనుషులు పారలు పడేసి మెట్ల వైపు పరిగెత్తారు. ఆమె తన పై అధికారి డీఈ జగన్నాథం గారికి ఫోన్ చేసింది. ఇంజన్ల హోరులో ఆయన మాట కష్టంగా వినబడింది.

"నీళ్ళు వదిలెయ్యండమ్మా, వెంటనే. లోపల నీళ్ళుంటేనే గోడ నిలబడుతుంది. గోడ పోతే కట్ట పోతుంది, పక్క చెరువులు పోతాయి, అక్కడి ఇళ్ళు పోతాయి. మనుషులు పైకి వచ్చేశారా?"

"వస్తున్నారు సార్."

"వచ్చేశారని చూసుకుని వదలండి."

ఆమె కట్ట మీదికి పరిగెత్తింది. మెట్ల మీద తోపులాట, దుమ్ము. వెనకాల గట్టు మీద మనుషులు గుంపుగా నిలబడి రొప్పుతున్నారు. బంగార్రాజు ఇంజన్లు ఆపడానికి షెడ్డు వైపు వెళ్ళాడు. తూర్పు గోడలోంచి ఇంకో వరస ఇటుకలు జారాయి. చక్రం మీద చెయ్యి వేసి ఆమె గోదీలోకి వంగి చూసింది. నేలంతా ఖాళీగా ఉంది. తూముల నోళ్ళు నల్లగా ఉన్నాయి. అక్కడ ఇంకెవరూ ఉండరు, విజిల్ విని ఉంటారు. అయినా నోరు తెరిచి అడిగింది.

"అందరూ వచ్చేశారా?"

"వచ్చేశామండీ," అని బదులు వచ్చింది.

మామూలు గొంతు. మర్యాదగా, కొంచెం అలసటగా, రోజంతా పని చేసినవాడి గొంతులా ఉంది. ఆమె చక్రం తిప్పింది. షట్టరు కిర్రుమంటూ లేచింది. ఏటి నీరు పచ్చగా, మందంగా గోదీలోకి దూకింది. పది చుట్లు, పదిహేను చుట్లు. ఇంజన్ల హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బంగార్రాజు కేక వినబడింది.

"మేడమ్ గారూ, అహరోను రాలేదండీ."

"వచ్చేశామన్నారు కదా."

"ఎవరన్నారండీ?"

ఆమె వెనక్కి తిరిగింది. మనుషులందరూ తన వెనక, గట్టు మీద ఉన్నారు. బదులు వచ్చింది ముందు నుంచి, కింద నుంచి. పైకి వచ్చేసినవాడు కింద నుంచి ఎందుకు పలుకుతాడు. ఈ ఒక్క సంగతి ఆమెకి అప్పుడు తట్టింది.  తట్టగానే చక్రం రెండు చేతులా పట్టుకుంది.

షట్టరు దించబోయింది. ఎక్కడిదో దుంగ కొట్టుకొచ్చి కింద ఇరుక్కుంది. చక్రం సగంలో బిగిసిపోయింది. నలుగురు పట్టి లాగినా కదల్లేదు. నీళ్ళు దూకుతూనే ఉన్నాయి.

"పొద్దుట అతను ఏ తూములో ఉన్నాడు?" అని అడిగింది.

"ఎడం వైపు దాంట్లో," అన్నారు అతనితో పని చేసినవాళ్ళు. "మధ్యాహ్నానికి అది అయిపోయిందండీ. కుడి వైపు దాంట్లో బురద ఎంతుందో చూసొస్తానన్నాడు. వెళ్ళాడో లేదో తెలీదు. విజిల్ వినగానే మేం వచ్చేశాం. ముందే వచ్చేశాడనుకున్నాం."

దుర్గాభవాని తాడు ఒక కొస నడుముకి కట్టుకుంది. బంగార్రాజు ఏమీ అనకుండా అదే తాడు తన నడుముకీ చుట్టుకున్నాడు. అవతలి కొస పైవాళ్ళు పట్టుకున్నారు. మెట్లు దిగేసరికి నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. పైన ఆకాశం తెల్లగా వెలుగుతున్నా, గోడల మధ్య చల్లగా ఉంది. పారలు, గంపలు నీళ్ళ మీద తిరుగుతున్నాయి. అవతలి గోడ దాకా ఇద్దరూ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. రెండు తూములకీ మధ్యలో నిలబడి ఆమె పిలిచింది.

"అహరోనూ!"

"ఇక్కడున్నానండీ," అని ఎడం వైపు తూములోంచి వినబడింది.

ఆమె అటు రెండడుగులు వేసింది.

"ఇక్కడున్నానండీ," అని కుడి వైపు తూములోంచి వినబడింది.

ఒకే గొంతు. అదే మాట, అదే సాగదీత. బంగార్రాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.  ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు నడుం దాటి పైకి పాకుతున్నాయి. రెండో తూము దాకా వెళ్ళి, అక్కడ లేకపోతే తిరిగి రావడానికి వ్యవధి లేదు.

"అహరోనూ, నువ్వు ఎటు ఉన్నావురా?" అన్నాడు బంగార్రాజు.

"ఇటేనండీ," అన్నాయి రెండు తూములూ.

"పలక్కండి బంగార్రాజు గారూ. ఏమీ అడక్కండి," అంది దుర్గాభవాని. తొమ్మిదేళ్ళుగా ఆమె చేసిన ఉద్యోగం నీళ్ళని చూడడమే. ఇప్పుడూ నీళ్ళనే చూసింది. ఎడమ తూము నోటి దగ్గర నీరు పచ్చగా, నురగతో, నెమ్మదిగా లోపలికి పోతోంది. కుడి తూము నోటి దగ్గర నల్లటి బురద పొగలాగ లేచి బయటికి వస్తోంది. ఆగుతూ, మళ్ళీ వస్తూ. లోపల ఏదో కదులుతోంది. ఎడమ తూము మధ్యాహ్నానికే శుభ్రమైపోయింది కాబట్టి అక్కడ బురద లేకపోవచ్చు. ఆ సందేహం ఆమెకి వచ్చింది. దాన్ని తేల్చుకునే వేళ లేదు.

"కుడి వైపు," అంది.

వాళ్ళు అటు తిరగ్గానే ఎడమ తూములోంచి ఏడుపు మొదలైంది. మొదట చిన్నగా, మగవాడు సిగ్గుపడుతూ ఏడ్చినట్టు. "మేడమ్ గారూ, నన్నొదిలేసి వెళ్తున్నారా అండీ. ఇక్కడున్నానండీ. నీళ్ళు వచ్చేస్తున్నాయండీ." బంగార్రాజు ఆగిపోయాడు. ఆమె తాడు పట్టుకుని అతన్ని లాగింది. అడుగడుగునా ఆ ఏడుపు పెద్దదవుతోంది. చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తను బతికున్న మనిషిని వదిలేసి వెళ్తున్నానేమో అన్న అనుమానం ఆమె వీపు మీద చెయ్యిలా ఉంది.

కుడి తూములోకి వంగి దూరారు. ఆమె పైకెత్తి పట్టుకున్న ఫోన్ వెలుతురు తడి ఇటుకల మీద పడింది. పన్నెండడుగుల లోపల అహరోను ఉన్నాడు.

నిలబడి లేడు. తన్నుకోవడం లేదు. గోడకి ఆనుకుని, ఇంకా తీయని బురద దిబ్బ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. బురదలో కాలి వేళ్ళు మాత్రం ఊరికే ఆడిస్తున్నాడు, వసారాలో కూర్చుని ఎవరితోనో కబుర్లాడుతున్నట్టు. వెలుతురు మొహం మీద పడితే కళ్ళు చిట్లించి, నెమ్మదిగా నవ్వాడు.

"అయిపోయిందా అండీ?" అన్నాడు.

"లే, అహరోనూ. లే," అంది ఆమె.

"మీరే కదండీ ఇంకా పది నిమిషాలు పడుతుంది, కూర్చో అన్నారు."

బంగార్రాజు అతని చంకల కింద చేతులు వేసి లాగాడు. మొదట అతను రాలేదు. మొరాయించలేదు గాని, సాయం కూడా చెయ్యలేదు, నిద్రలో ఉన్న మనిషిలా బరువుగా ఉన్నాడు. ఇద్దరూ కలిసి తూము బయటికి ఈడ్చేసరికి నీళ్ళు దుర్గాభవాని గొంతు దాకా వచ్చాయి. పైవాళ్ళు తాడు లాగారు. మెట్ల మీద కాలు ఆనాక అహరోను ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, చుట్టూ చూసి, అప్పుడు కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. అతన్ని ముగ్గురు పట్టుకోవలసి వచ్చింది.

ఎడమ తూము ఇంకా పిలుస్తూనే ఉంది. నీళ్ళు దాని నోటిని పూర్తిగా కప్పేదాకా పిలిచింది. ఆఖర్న మాటలు లేవు, ఏడుపూ లేదు. "మేడమ్ గారూ, మేడమ్ గారూ" అని మామూలుగా, మర్చిపోయిన వస్తువేదో ఇవ్వడానికి పిలిచినట్టు. ఆ తరవాత నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది.

గట్టు మీద ఆమె మనుషుల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. ఒక్కొక్కళ్ళ భుజం తాకుతూ మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది. మూడోసారి బంగార్రాజు చేత పేర్లు చదివించింది. అందరూ ఉన్నారు. అయినా గోదీ అంచు వదిలి రాలేకపోయింది. జీపు డ్రైవరు వచ్చి, వెళ్దాం రండి మేడమ్ అని రెండోసారి అన్నాక కదిలింది.

అహరోనుని ఆకివీడులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కాలికి దెబ్బ తగిలింది, ఊపిరితిత్తుల్లోకి కొంచెం బురదనీరు పోయింది. మర్నాడు ఆమె చూడ్డానికి వెళ్ళింది. అతని భార్య దీవెన మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. అహరోను తలుపు వైపు చూసి, లోపలికి వచ్చింది దుర్గాభవానేనా అన్నట్టు చాలాసేపు పరీక్షగా చూశాడు.

"విజిల్ విన్నాను మేడమ్ గారూ," అన్నాడు. "లేవబోయాను. మీరు వచ్చి పక్కన కూర్చున్నారు. విజిల్ నీక్కాదు, వాళ్ళకి అన్నారు. పిలిస్తే పలకొద్దు, చప్పుడు చెయ్యకు అన్నారు. అందుకే నేను పలకలేదండీ."

"అసలు పలకలేదా? మేం పిలిచినప్పుడు?"

"లేదండీ. నోరే తెరవలేదు."

దుర్గాభవాని మంచం కడ్డీ పట్టుకుంది. రెండు గొంతుల్లో ఒకటి అతనిదే అని రాత్రంతా అనుకుంటూ ఉంది. ఒకటి నిజం, ఒకటి అబద్ధం అయితే కొంత నయం. అక్కడ నిజం చెప్పింది బురద ఒక్కటే.

"మీరు రాలేదు కదండీ?" అన్నాడు అతను. "మీరు కాదని ఇప్పుడు తెలుస్తోంది. మరి అంతసేపూ నా పక్కన ఉన్నదెవరండీ?"

 దీవెన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

విచారణ జరిగింది. మనిషి కింద ఉండగా నీళ్ళు వదిలానని, కళ్ళతో చూసుకోకుండా వదలడం తన తప్పేనని దుర్గాభవాని రాసిచ్చింది. వచ్చేశారా అని అడిగాననీ, వచ్చేశామని జవాబు విన్నాననీ కూడా రాసింది. ఎవరి జవాబు అన్న చోట తెలియదు అని రాసింది. ఆ వాక్యం తీసెయ్యమని జగన్నాథం గారు నచ్చజెప్పారు. "చదివినవాళ్ళు ఏమనుకుంటారమ్మా? అదొక్కటీ లేకపోతే మీకే మంచిది." ఆమె తీయలేదు. మెమో ఇచ్చి, కొన్నాళ్ళు ఆఫీసు పనిలో కూర్చోబెట్టారు. గోదీ మళ్ళీ నీళ్ళతో నిండింది. నీళ్ళ బరువుకి గోడ నిలబడింది. చుట్టూ ముళ్ళకంచె వేసి, పథకం ఆపేశారు.

పుష్పమ్మకి చెప్పాలనిపించి ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళింది. ముసలావిడ అంతా విని, "నీ మనిషి దక్కాడు," అంది. "మా నాన్నకి ఒక్కడూ దక్కలేదమ్మా." ఆ మాట అని, కొంగుతో మొహం కప్పుకుంది.

ఆగస్టులో, వానలు పట్టాక, దుర్గాభవాని అహరోను ఇంటికి వెళ్ళింది. కాలు బాగైంది. ఆకివీడులోనే ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. దీవెన కుర్చీ తుడిచి వేసింది. టీ ఇచ్చింది. మాటలు చాలాసేపు వాన మీదా, చేపల రేటు మీదా నడిచాయి.

"ఇంకా భయంగా ఉంటుందా అహరోనూ?" అని అడిగింది చివరికి.

అతను గ్లాసు పక్కన పెట్టాడు. "నీళ్ళంటే భయం లేదండీ. చీకటన్నా లేదు." దీవెన వైపు చూశాడు. "చెబితే మీరు ఏమీ అనుకోరు కదా?"

"చెప్పు."

"అక్కడ కూర్చున్నంతసేపూ నాకు హాయిగా ఉందండీ. అదీ నా భయం. మా ఊరేదో అడిగారు. మా నాన్న ఏం పని చేసేవాడో అడిగారు. భోంచేశావా, నడుం నొప్పిగా ఉందా అని అడిగారు. ఇరవై ఏళ్ళుగా కూలికి పోతున్నానండీ. పని దగ్గర అంత మర్యాదగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇంకోసారి పిలిస్తే వెళ్ళనని మాత్రం గట్టిగా అనుకోలేకపోతున్నాను."

దీవెన లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వేళ్ళు చొక్కాలోకి దిగబడేంత గట్టిగా పట్టుకుంది.

ఆ ఎనిమిది రోజుల్లో తను అతనితో ఏమేం మాట్లాడిందో దుర్గాభవాని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. దిగండి, ఎక్కండి, అప్పుడే వచ్చేశారేం. అంతకు మించి ఒక్కటీ గుర్తు రాలేదు. బయట వాన పెద్దదైంది. ఆమె గ్లాసు కింద పెట్టి, కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"మీ సొంతూరు ఏదండీ, అహరోను గారూ?" అని అడిగింది.

అతను చటుక్కున తలెత్తి, ఆమె మొహంలోకి, ఆమె కాళ్ళ వైపు, మళ్ళీ మొహంలోకి చూశాడు. ఆ కాళ్ళకి అంటిన వాన బురద చూశాకే ఊరి పేరు చెప్పాడు.